ముత్తాత పుట్టింది ఏ ఏడు? మామూలు మనిషి ఆనవాళ్లు వెతికే తీరు

నాలుగెకరాలు దున్నుకుని, ఏటా శిస్తు కట్టి, పిల్లల పెళ్లిళ్లు చేసి కన్నుమూసిన మనిషికి పుట్టిన తేదీ, పోయిన తేదీ ఒకచోట రాసి ఉండవు. అలాగని ఆనవాళ్లే లేవనుకోవడం పొరపాటు. గత నూట యాభై ఏళ్లలో తెలుగు నేల మీద బతికిన చాలామంది పేర్లు ఏదో ఒక రిజిస్టరులోనో దస్తావేజులోనో ఉన్నాయి. చిక్కల్లా ఆ కాగితాలేవీ వాళ్ల జీవితం చెప్పడానికి రాసినవి కాకపోవడమే. శిస్తు వసూలుకు అడంగల్ (ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో చూపే ఊరి లెక్క) రాశారు, అప్పుకు తనఖా పత్రం రాశారు, బడిలో చేర్చుకోవడానికి ప్రవేశ రిజిస్టరు రాశారు. కాబట్టి వంశం వెతికేవాళ్లు ప్రతి కాగితాన్నీ ముందుగా అడగాల్సింది ఒక్కటే: దీన్ని ఎవరు, ఏ అవసరానికి రాయించారు? అది తేలితే అందులో ఉన్న వయసును ఎంతవరకు నమ్మవచ్చో కూడా తేలుతుంది.

ఇంకొక మాట ముందే చెప్పుకోవాలి. ఇంగ్లండు, అమెరికాల్లో వంశాలు వెతికేవాళ్లకు పాత జనాభా లెక్కల పత్రాలే మొదటి ఆధారం. అది చూసి ఇక్కడా సెన్సస్‌లో ముత్తాత పేరు దొరుకుతుందని చాలామంది ఆశపడతారు. దొరకదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం 15వ సెక్షను ప్రకారం ఇంటింటి వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. గ్రామంలో ఎన్ని ఇళ్లు, ఎంతమంది జనం అన్న మొత్తాలు తప్ప వ్యక్తుల పేర్లు బయటికి రావు. మన దారి వేరు: ఇల్లు, పంచాంగం, భూమి, రిజిస్ట్రేషన్ ఆఫీసు, బడి.

ఇంట్లో మొదలుపెట్టాల్సినవి

వెతుకులాట ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లతో మొదలవ్వాలి. "తాతగారి పేరేమిటి" అని అడిగితే ఒక్క పేరు వస్తుంది. "తాతగారి అప్పచెల్లెళ్లను ఏ ఊళ్లకు ఇచ్చారు" అని అడిగితే మూడు ఊళ్లు, ఆరు ఇంటిపేర్లు, ఒక మేనరికం బయటపడతాయి. ఎవరి పెళ్లికి ఎవరు చంటిపిల్ల, ఎవరు పోయినప్పుడు ఎవరు కడుపులో ఉన్నారు లాంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు తేదీల కన్నా గట్టివి, ఎందుకంటే అంకెలు మరిచిపోయిన మనిషికి కూడా వరస గుర్తుంటుంది.

ఆ తర్వాత ట్రంకు పెట్టె, అటక. పాత దస్తావేజుల కట్ట, శిస్తు రసీదులు, శుభలేఖలు, జాతకం రాసిన కాగితాలు, ఫొటో వెనకాల స్టూడియో ముద్ర, రామాయణం అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసుకున్న పుట్టిన వేళలు, అన్నీ చూడాలి. పెళ్లికి పెట్టిన ఇత్తడి బిందెలు, గంగాళాల అంచు మీద చెక్కిన పేర్లను మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఇచ్చిన బిందె మీద ఆమె పేరో, ఇచ్చినవాళ్ల ఇంటిపేరో, అరుదుగా తేదీయో ఉంటుంది. కాగితాల్లో ఎక్కడా కనిపించని ఆడవాళ్ల పుట్టింటి పేరు ఇలా లోహం మీద మిగిలిన ఇళ్లున్నాయి. తోమి తోమి అరిగిపోయిన అక్షరాలను ఏటవాలుగా టార్చి వెలుతురు పెట్టి ఫొటో తీస్తే చదవవచ్చు.

పెద్దలు చెప్పే కాలాన్ని తేదీగా మార్చడం

పెద్దల నోట కాలం మూడు రూపాల్లో వస్తుంది: ఒక సంఘటన, సంవత్సరం పేరు, తిథి.

సంఘటనల్లో తేదీ గట్టిగా తెలిసినవి కొన్ని ఉన్నాయి. మచిలీపట్నం ఉప్పెన 1864 నవంబరు 1. ధాత కరువు 1876లో మొదలై 1878 దాకా సాగింది. హైదరాబాదులో మూసీ వరద 1908 సెప్టెంబరు 28. ఇన్‌ఫ్లూయెంజా 1918. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ గడువులోపు ముహూర్తాలు పెట్టి చేసేసిన బాల్య వివాహాలు చాలా ఇళ్లలో కథగా మిగిలాయి. నిజాం రాజ్యంలో పోలీసు చర్య 1948 సెప్టెంబరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. వీటితో చిక్కు ఏమిటంటే "ఉప్పెన", "కరువు", "పెద్ద గాలివాన" అనే మాటలు ఒక్క సంఘటనకే పరిమితం కావు. ఉప్పెనలో పోయాడని చెప్పిన మనిషి ఏ ఉప్పెనలో పోయాడో తేలాలంటే, అప్పటికి ఫలానా పిల్లకు పెళ్లయిందా అన్న రెండో ప్రశ్న తప్పదు.

పుష్కరాలూ ఇలాగే పనికొస్తాయి. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లోను, కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016లోను వచ్చాయి. కానీ పన్నెండేసి చొప్పున తీసేసుకుంటూ వందేళ్లు వెనక్కి వెళ్లకూడదు. గురుడు రాశిచక్రం చుట్టడానికి 11.86 ఏళ్లు పడుతుంది కాబట్టి మధ్యలో ఎక్కడో పుష్కరం పదకొండేళ్లకే వస్తుంది. పాత పంచాంగంలో సరిచూసుకోవాల్సిందే.

సంవత్సరం పేరు చెబితే లెక్క సులువు. ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది. కాబట్టి పేరు వరస సంఖ్యకు 1866 గానీ 1926 గానీ కలిపితే ఆ ఉగాది పడిన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ధాత పదోది: 1876, 1936. దుర్ముఖి ముప్పయ్యోది: 1896, 1956. ఎక్కువమంది తప్పేది ఏడాది చివరి నెలల దగ్గర. ధాత సంవత్సరం మాఘంలో పుట్టాడంటే అది 1876 కాదు, 1877. మాఘ ఫాల్గుణాలకు ఎప్పుడూ ఒకటి కలపాలి. పుష్యమాసం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీదా పడవచ్చు కనుక దాన్ని విడిగా చూసుకోవాలి. శాలివాహన శకం రాసి ఉంటే 78 కలపడం, సంవత్సరం చివరి నెలలకు 79 కలపడం. శకసంఖ్య ఉన్నచోట అరవై ఏళ్ల తికమకే ఉండదు.

తిథి సంగతి మరోలా ఉంటుంది. ఏటా తద్దినం పెట్టే ఇళ్లలో మాసం, పక్షం, తిథి తరాల తరబడి నిలిచి ఉంటాయి. పోయిన సంవత్సరం మాత్రం మరుగున పడుతుంది. తిథికి వారం తోడైతే పని సగం అయినట్టే. ముప్పై ఏళ్ల వ్యవధిలో ఒక తిథి ఫలానా వారంతో కలిసేది నాలుగైదు సార్లే. శుక్రవారం పోయారన్న ఒక్క జ్ఞాపకం మిగతా ఏళ్లన్నిటినీ కొట్టేస్తుంది. ఇక్కడ మూడు జాగ్రత్తలు. తిథి సూర్యోదయంతో మొదలవ్వదు, మనిషి పోయిన వేళకు ఉన్న తిథే లెక్క, అందుకని పంచాంగంలో ముందు రోజూ తర్వాతి రోజూ చూడాలి. అధికమాసంలో పోయినవారి తద్దినం మామూలు ఏళ్లలో అదే పేరున్న నిజమాసంలో పెడతారు, కాబట్టి అధికమాసం పడిన సంవత్సరంలో రెండు మాసాలనూ పరిశీలించాలి. మూడోది, మన మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పున్నమితో ముగుస్తుంది. మన మాఘ బహుళం వాళ్లకు ఫాల్గుణ కృష్ణపక్షం. గయలోనో కాశీలోనో రాయించిన తిథిని ఊళ్లో తెలిసిన తిథితో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తు లేకపోతే రెండూ వేర్వేరు మరణాలనిపిస్తాయి.

జాతకచక్రం ఒక తేదీ పత్రం

జాతకఫలాల మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి. రాశిచక్రం మాత్రం ఆ వేళకు ఆకాశం ఎలా ఉందో రాసి పెట్టిన పటం. పేరూ సంవత్సరమూ చిరిగిపోయి చక్రం ఒక్కటే మిగిలినా పుట్టిన రోజు తేల్చవచ్చు. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నర ఏళ్లు ఉంటాడు, గురుడు ఏడాది, రాహువు ఏడాదిన్నర ఉండి వెనక్కి నడుస్తాడు. రవి ఉన్న రాశి నెలను చెబుతుంది, చంద్రుడి నక్షత్రం రోజును చెబుతుంది, లగ్నం రెండు గంటల వ్యవధిని చెబుతుంది.

ఒక ఉదాహరణ. చక్రంలో గురుడు వృశ్చికంలో, శని కుంభంలో, రవి కన్యలో ఉన్నారనుకుందాం. 1936 సెప్టెంబరు చివర సరిగ్గా ఇలాగే ఉంది. 1876 సెప్టెంబరు చివరా ఇలాగే ఉంది, ఎందుకంటే గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తి చేసి మళ్లీ దాదాపు ఒకేచోటికి రావడానికి అరవై ఏళ్లు పడుతుంది. రెండూ ధాత సంవత్సరాలే. అంటే సంవత్సరం పేరులో ఉన్న తికమకే గురు శనుల్లోనూ ఉంది, ఆ రెంటినీ చూసి సంబరపడితే తాత చక్రాన్ని మనవడికి అంటగట్టే ప్రమాదం ఉంది. తీర్పు చెప్పేది రాహువు. రాహువు చుట్టు 18.6 ఏళ్లు, అది అరవైలో సరిపోదు. 1936 సెప్టెంబరులో రాహువు ధనుస్సులో ఉంటే 1876 సెప్టెంబరులో కుంభంలో ఉన్నాడు. చక్రంలో రాహువు గడి చూస్తే చాలు, అరవై ఏళ్ల తేడా తేలిపోతుంది. పాత తేదీలు ఇచ్చి గ్రహస్థితులు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. మన పంచాంగాలు వాడే నిరయన పద్ధతి ఎంచుకోవడం మరవకూడదు, లేకపోతే గ్రహాలు దాదాపు 23 డిగ్రీలు జరిగి పక్క రాశిలో పడతాయి.

భూమి కాగితాలు

సొంత భూమి ఉన్న కుటుంబానికి ఇంతకు మించిన ఆధారం లేదు. అయితే ఊరు ఏ పాలనలో ఉండేదో ముందు తేల్చుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారుకు నేరుగా శిస్తు కట్టిన రైత్వారీ గ్రామాలకు రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అడంగల్, 10(1) అనే ఖాతాల లెక్క ఉంటాయి. జమీందారీ గ్రామాలకు ప్రభుత్వం రైతువారీ లెక్క రాసింది 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అంతకు ముందు పేర్లు ఎస్టేటు దఫ్తరాల్లో ఉండేవి. తెలంగాణలో సేత్వార్ (సర్వే నాటి భూమి రిజిస్టరు), ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (పొలాల వారీ హక్కు, సాగు లెక్క) ముఖ్యం. జాగీరు గ్రామాలు 1949లో జాగీర్ల రద్దు తర్వాతే సర్కారు లెక్కల్లోకి వచ్చాయి. పాత తెలంగాణ దస్త్రాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చేతిరాత ఉర్దూ చదవగలిగినవాళ్ల సాయం కావాలి.

జిల్లాల సరిహద్దులు కూడా చూసుకోవాలి. గుంటూరు జిల్లా 1904లో, చిత్తూరు 1911లో, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో ఏర్పడ్డాయి. 1890లో ఇప్పటి చిత్తూరు ప్రాంతపు ఊరి దస్త్రం ఉత్తర ఆర్కాటు పేరు మీద ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో తెలంగాణ జిల్లాలు, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మళ్లీ విడిపోయాయి. దరఖాస్తులో గ్రామం పేరుతో పాటు పాత తాలూకా, పాత జిల్లా రాయకపోతే "మా దగ్గర లేదు" అన్న జవాబే వస్తుంది.

ఈ దస్త్రాల్లో ఏడాది ఫసలీలో, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరంలో ఉంటుంది. కోస్తా, రాయలసీమల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1334 అంటే 1924 జూలై 1 నుంచి 1925 జూన్ 30. జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. నిజాం ఫసలీ వేరు: అది ఆజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆజుర్, దై, బహమన్ నెలలకు 590 కలపడం, ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591. నిజాం ఫసలీ 1340 ఖుర్దాద్ అంటే 1931 ఏప్రిల్. రెండు ఫసలీల పేరు ఒకటే, అంకె ఒకటే, మొదలు మాత్రం మూడు నెలల తేడా. సరిహద్దు గ్రామాల్లో ఇది తరచూ తప్పుదారి పట్టిస్తుంది.

పట్టాలో పేరు ఉన్నంత మాత్రాన మనిషి బతికి ఉన్నట్టు కాదు. పట్టాదారు పోయాక ఫౌతీ (వారసుల పేరుకు పట్టా మార్పు) చేయించుకోని కుటుంబాలు ఎన్నో. ముప్పై నలభై ఏళ్లు పోయినవాళ్ల పేరు మీదే అడంగల్ నడిచిన ఊళ్లున్నాయి. అందుకే పట్టాదారు గడి కన్నా అనుభవదారు గడి ముఖ్యం. ఆ గడిలో కొడుకుల పేర్లు కనిపించడం మొదలైన ఏడాదికి కాస్త ముందు తండ్రి పోయి ఉంటాడని, లేదా ముసలితనంతో పనులు వదిలేసి ఉంటాడని అనుకోవచ్చు. ఫౌతీ లేదా విరాసత్ ఉత్తర్వు దొరికితే అందులో వారసుల పేర్లు, వాళ్ల వరస, చాలాసార్లు మరణం జరిగిన కాలమూ ఉంటాయి.

ఇనాం భూములు (శిస్తు లేకుండానో తక్కువ శిస్తుతోనో ఇచ్చినవి) అనుభవించిన కుటుంబాలకు 1860 దశకం దాకా వెళ్లే తలుపు ఒకటుంది. మద్రాసు ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మొదట ఇనాం పొందినవారి పేరు, విచారణ నాటికి అనుభవిస్తున్నవారి పేరు, వయసు, మొదటివారితో సంబంధం ఉంటాయి. ఇది అగ్రహారీకులకు మాత్రమే అనుకోవడం తప్పు. ఊరి సేవ చేసిన మంగలి, చాకలి, కమ్మరి, వడ్రంగి, వెట్టి కుటుంబాల సేవా ఇనాంలూ విచారణకు వచ్చాయి. ఊరి చరిత్రల్లో ఎక్కడా చోటు దక్కని ఇంటి పెద్ద పేరు, వయసు నూట అరవై ఏళ్ల కిందటి కాగితం మీద ఇలా దొరకవచ్చు.

మరో మంచి ఆధారం 1975 నాటిది. ఒక కుటుంబం ఉంచుకోగల భూమికి పరిమితి పెట్టిన భూసంస్కరణల చట్టం కింద 1975లో ఆ పరిమితికి దగ్గరున్న రైతులు దాఖలు చేసిన డిక్లరేషన్లలో భార్య, పిల్లలు, వాళ్ల వయసులు రాయాలి. అయితే మేజరైన కొడుకు విడి యూనిట్ కింద లెక్క, అంటే కుటుంబానికి మరికొంత భూమి మిగులుతుంది. పదహారేళ్ల కుర్రాడు పద్దెనిమిదేళ్లవాడిగా కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. కూతుళ్ల వయసుల్లో అలాంటి ఒత్తిడి లేదు, అవి ఎక్కువ నమ్మదగ్గవి.

1984 జనవరిలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు కరణాలు, పట్వారీల దగ్గరి లెక్కలన్నీ తాలూకా ఆఫీసులకు చేరలేదు. తహసీల్దారు కార్యాలయంలో దొరకని పాత అడంగల్ కొన్నిచోట్ల మాజీ కరణం ఇంటి అటక మీద ఉంది. మర్యాదగా వెళ్లి అడగడం దండగ కాదు. ఆఫీసులో సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద సర్వే నంబరు, ఫసలీ పేర్కొని నకలు అడగాలి; 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మా తాతగారి వివరాలు" అని అడిగితే తిరస్కరిస్తారు, "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఫసలీ 1360 అడంగల్ నకలు" అని అడిగితే వెతకక తప్పదు.

దస్తావేజులో చూడాల్సిన వాక్యాలు

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో నకలు చేస్తారు. ఒకటో పుస్తకం, దాని ఇండెక్సులు ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తి వివరాలతో నడుస్తుంది. సర్వే నంబరు తెలిస్తే రెండోది, పేరు ఒక్కటే తెలిస్తే మొదటిది. ఆన్‌లైన్ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసుకే వెళ్లి వెతుకు రుసుము కట్టాలి. ఈసీలో లావాదేవీ వరస మాత్రమే ఉంటుంది, అసలు సరుకు దస్తావేజు నకలులో ఉంటుంది. ఈసీతో సరిపెట్టుకుంటే సగం వంశం అక్కడే ఆగిపోతుంది.

దస్తావేజు మొదటి వాక్యమే మనిషికి నాలుగు గుర్తులు ఇస్తుంది: తండ్రి పేరు, సుమారు వయసు, వృత్తి, కాపురం ఉన్న ఊరు. "సుమారు 45 సం." అన్నచోట సుమారు అన్న మాటను నిజంగా నమ్మాలి, అయిదేళ్లు ఇటూ అటూ. అయిదులతోనూ సున్నాలతోనూ ముగిసే వయసులు మరీ అనుమానం. తర్వాత హక్కు ఎలా వచ్చిందో చెప్పే భాగం. "మా పిత్రార్జితమై", "మా మాతామహుల వలన సంక్రమించి", "నాకు పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన" అన్న ముక్కల్లో ఒక తరం వెనక్కి దారి ఉంటుంది. భాగపంపకాల దస్తావేజులో అన్నదమ్ములంతా పుట్టిన వరసలో కనిపిస్తారు. చివర సాక్షుల సంతకాలు దాటవేయకూడదు. సాక్షుల్లో బావమరదులు, మేనమామలు, వియ్యంకులు ఉండటం మామూలు.

తేదీలు తేల్చడానికి అన్నిటికన్నా పదునైన వాక్యం "మైనరు, గార్డియను తల్లి" అన్నది. ఒక కుర్రాడి తరఫున 1921లో తల్లి గార్డియనుగా సంతకం చేసిందంటే మామూలుగా తండ్రి అప్పటికే లేడని అర్థం. అదే కుర్రాడు 1933లో సొంతంగా దస్తావేజు రాశాడనుకోండి. 1921 నాటికి పద్దెనిమిది నిండలేదు కనుక 1903కు ముందు పుట్టలేదు; 1933 నాటికి పద్దెనిమిది నిండాయి కనుక 1915 తర్వాత పుట్టలేదు. వయసు అంకె ఏదీ నమ్మకుండానే పుట్టుక పన్నెండేళ్ల మధ్య బిగిసింది. ఒక మెలిక: 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం కోర్టు గార్డియనును నియమిస్తే అప్పట్లో మైనారిటీ 21 ఏళ్ల దాకా సాగేది. కోర్టు ఉత్తర్వు ప్రస్తావన ఉంటే లెక్క మూడేళ్లు జరుగుతుంది.

ఆస్తి తగాదా కోర్టుకెక్కిన కుటుంబానికి వంశవృక్షం చాలాసార్లు దావా పత్రానికే అతికించి ఉంటుంది. ఎదుటి పక్షం వేసిన వృక్షంతో దాన్ని పోల్చాలి. దత్తత, రెండో పెళ్లి, సంతానం లేకుండా పోయిన అన్నదమ్ముల విషయంలో రెండూ వేరుపడతాయి, తీర్పులో ఎవరిది నమ్మారో ఉంటుంది.

పుట్టుక, చావు, బడి

జనన మరణాల నమోదుకు మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 నాటి చట్టం ఉంది, దేశమంతటికీ వర్తించే 1969 చట్టం 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పాత రిజిస్టరులో పిల్ల పేరు ఉండకపోవడమే ఎక్కువ. తండ్రి పేరు, ఆడో మగో, తేదీ, అంతే. రిజిస్టరులో పేరు కోసం వెతికి లేదని తిరిగి వచ్చేవాళ్లు ఎందరో. వెతకాల్సింది తండ్రి పేరు. ఇంకో ముఖ్య విషయం, తొలి కాన్పు అమ్మమ్మగారి ఊళ్లో అవుతుంది. పెద్దకొడుకు జననం సొంతూరి రిజిస్టరులో కనిపించకపోతే తల్లి పుట్టింటి ఊరి రిజిస్టరు చూడాలి. నమోదు లేదని తేలితే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏడాది దాటిన పుట్టుకను ఆలస్య నమోదు చేయించాలంటే ఆ పత్రం, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

బడి రిజిస్టరులో తేదీ నిండుగా ఉంటుంది కాబట్టే అది మోసం చేస్తుంది. బడి తెరిచే రోజుకు పిల్లకు అయిదేళ్లు నిండేలా ఉపాధ్యాయుడు వెనక్కి లెక్కగట్టి వేసిన తేదీలు కోకొల్లలు. జూన్, జూలై ఒకటో తేదీ కనిపిస్తే దాన్ని పుట్టినరోజు అనకుండా సంవత్సరం వరకు మాత్రమే, అదీ వయసును ఏడాది రెండేళ్లు తగ్గించి రాసి ఉండవచ్చన్న గమనికతో తీసుకోవాలి. ఉద్యోగం ఎక్కువ కాలం ఉండాలని వయసు తగ్గించడం, ఆ తేదీయే సర్వీసు రిజిస్టరులోకి, పింఛను పత్రంలోకి ఎక్కడం మామూలు. ఆ మూడు కాగితాలూ ఒకే మాట చెబుతున్నాయంటే మూడు సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. ఒకే తేదీని మూడుసార్లు నకలు చేశారు, అంతే. జాతకం, తోడబుట్టినవాళ్ల మధ్య ఎడం వేరే మాట చెబితే వాటికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

భూమి లేనివాళ్లు, ఆడవాళ్లు

భూమి లేని కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి మామూలు మార్గదర్శకాలు చేతులెత్తేస్తాయి. అక్కడే శ్రద్ధ ఎక్కువ కావాలి. కోస్తా దళిత కుటుంబాల పేర్లు తొలిసారి కాగితం మీదికి వచ్చింది చాలాచోట్ల క్రైస్తవ మిషన్ల బాప్తిస్మ రిజిస్టర్లలో. ధాత కరువు చివర, 1878 జూలై 3న, అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. గుంటూరులో లూథరన్లు, మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ, కాకినాడలో కెనడా బాప్టిస్టులు పనిచేశారు. ఊరు ఏ మిషన్ కిందిదో తెలుసుకుని పాత సంఘం రిజిస్టరు ఎక్కడ ఉందో అడగాలి. బాప్తిస్మంతో పేరు మారి ఉంటుంది కనుక రెండు పేర్లూ పక్కపక్కన రాసుకోవాలి. పెద్దవాళ్లు తీసుకున్న బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా రాసుకోవడం తరచూ జరిగే తప్పు.

తెలంగాణలో కౌలుదారులకు 1950 నాటి కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ఉంది. గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా ఓడలెక్కినవాళ్ల ఎమిగ్రేషన్ పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు కూడా రాశారు. నాటాల్, మారిషస్, ఫిజీ వెళ్లిన కుటుంబాలు అక్కణ్నుంచే వెనక్కి వస్తే ఊరు దొరుకుతుంది. రాసిన అధికారికి తెలుగు రాదు, పేరు విని తోచినట్టు రాశాడు; కాగితం మీది అక్షరాలను పైకి చదివి, చెవితో గుర్తుపట్టాలి. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నిఖా రిజిస్టరు, సమాధి రాయి ఉన్నాయి. హిజ్రీ ఏడాది 354 రోజులే కాబట్టి 33 హిజ్రీ ఏళ్లు మన 32 ఏళ్లతో సమానం. హిజ్రీలో చెప్పిన వయసును అలాగే తీసుకుంటే ముసలివాళ్ల వయసు రెండేళ్లు పెరుగుతుంది.

కుటుంబాల గోత్రాలు, వంశాలు నోటికి చెప్పే సంప్రదాయమూ మనకు ఉంది. పిచ్చుకుంట్లవారు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, తమ మిరాశీ (వంశపారంపర్య హక్కు ఉన్న) కుటుంబాల తరాలను చెబుతారు. వాళ్లు చెప్పే తొలి తరాలు పురాణంలో కలిసిపోతాయి. దగ్గరి నాలుగైదు తరాల్లో మాత్రం ఏ శాఖ ఏ ఊరికి వలస వెళ్లిందో చెప్పడంలో వాళ్ల జ్ఞాపకం కాగితానికి తీసిపోదు. కాశీ, గయల్లోని పండాల (తీర్థ పురోహితుల) వహీల్లోనూ, అంటే వాళ్ల లెక్క పుస్తకాల్లోనూ, యాత్ర చేసినవాళ్ల పేర్లు, తండ్రి తాతల పేర్లు, ఊరు ఉంటాయి. అక్కడికి వెళ్లేముందు పాత జిల్లా, ఊరు, ఇంటిపేరు రాసుకుని వెళ్లాలి, ఏ పండా దగ్గర మన ప్రాంతపు వహీ ఉందో వాటిని బట్టే తేలుతుంది.

ఆడవాళ్ల సంగతి వేరుగా పట్టించుకోకపోతే సగం కుటుంబం మాయమవుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు ఆస్తి పంపకాల్లో కూతుళ్ల పేర్లు అరుదు, ఆ తర్వాతి వారసుల జాబితాల్లో కూతుళ్లూ ఉంటారు. ముందు కాలానికి పసుపు కుంకుమల దస్తావేజులు, వితంతువు మనోవర్తి ఒప్పందాలు, మైనరు కొడుకు తరఫున తల్లి సంతకం, పుట్టింటి ఊరి జనన రిజిస్టరు చూడాలి. పెళ్లయ్యాక పేరు మార్చిన ఇళ్లలో ఒకే మనిషి రెండు పేర్లతో కనిపిస్తుంది. ఆమె అన్నదమ్ముల ఊరు, ఇంటిపేరు కలిస్తేనే ఒకరని రాయాలి.

ఒకే పేరున్న తాతలూ మనవళ్లూ

తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్లో, ఒకే పేరున్న ముగ్గురు నలుగురు ఉంటారు. అన్నదమ్ములు నలుగురూ తమ పెద్దకొడుక్కి అదే పేరు పెట్టుకుంటే ఒకే తరంలోనే నలుగురు. పేరు, ఇంటిపేరు కలిసినంత మాత్రాన మన మనిషే అని తేల్చకూడదు. తండ్రి పేరు, సర్వే నంబరు, భార్య పేరు, అన్నదమ్ముల పేర్లలో కనీసం రెండు కలవాలి. దత్తత వెళ్లినవాడికి ఇంటిపేరు, గోత్రం మారతాయి. ఇల్లరికం వెళ్లినవాడికి ఇంటిపేరు నిలిచి ఊరు మారుతుంది. ఒక కొడుకు పేరు సొంతూరి అడంగల్‌లో ఉన్నట్టుండి ఆగిపోతే చనిపోయాడని రాయకముందు భార్య ఊరి అడంగల్ చూడాలి.

చివరికి ప్రతి మనిషికీ ఒక పేజీ కేటాయించి, దొరికిన ప్రతి ఆధారాన్ని దాని తేదీ వరసలో రాయాలి: కాగితం పేరు, నంబరు, ఏ ఆఫీసులో ఏ రోజు చూశారో, అందులో ఉన్న మాట యథాతథంగా. పక్క గడిలో ఆ మాటను బట్టి పుట్టుకకు కింది హద్దు, పై హద్దు. అన్ని హద్దులూ వేశాక ఎక్కువ కింది హద్దుకూ తక్కువ పై హద్దుకూ మధ్య మిగిలిన వ్యవధే జవాబు. అది "1903-1908 మధ్య" అని వస్తే అలాగే రాయాలి, మధ్యలో 1905 అని ఒక అంకె ఎంచుకోకూడదు. రేపు మనవరాలు ఒకరు దాన్నే ఆధారంగా పెట్టుకుని ఇంకో కాగితం వెతుకుతుంది. హద్దులు ఒకదాన్నొకటి దాటిపోతే, అంటే కింది హద్దు పై హద్దు కన్నా తర్వాతిదైతే, ఆ పేజీలో ఇద్దరు మనుషులు కలిసిపోయారన్నమాట. ఏ కాగితం దగ్గర కలిశారో చూసి పేజీని రెండుగా విడదీయాలి.